ఫస్ట్ బేస్ దగ్గర ఇద్దరు

దోహాకి దక్షిణంగా, మెసైమీర్ దాటి కొంత దూరం వెళితే రోడ్డుకి అటొకటి ఇటొకటి రెండు కంపెనీల క్యాంపులు ఉండేవి. ఆ రెండు క్యాంపుల్లోనూ ముత్యం గొప్పా, జలంధర్ గొప్పా అని నన్ను అడగనివాళ్ళు లేరు. నేను మా కంపెనీలో హాజరు రాసే టైమ్‌కీపర్ని. పేరు కామేశ్వరరావు, సొంతూరు అమలాపురం. శుక్రవారాలు బేస్‌బాల్ పోటీలకి స్కోరు రాసే పని కూడా నా నెత్తినే పడింది. అందువల్ల ఆ ఇద్దరి ఆటనీ మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. అడిగినవాళ్ళెవరికీ సూటిగా జవాబు మాత్రం చెప్పలేదు.

చమురు ధర ఆకాశానికి ఎక్కిన రోజులవి. ఎడారిలో ఎటు చూసినా పైపులూ క్రేన్లే. విమానం దిగిన ప్రతివాడికీ మర్నాడే డ్యూటీ. ముత్యం 1978లో వచ్చాడు. కోరుట్ల దాటాక ఒక చిన్న పల్లె అతనిది. అప్పటికి ముప్పై రెండేళ్ళు. పొట్టి మనిషి, చాటంత అరచేతులు. ఊళ్ళో మేస్త్రీల దగ్గర కూలికి వెళ్ళేవాడు. పరంజా మీద నిలబడి, కిందినుంచి విసిరే ఇటుకలు గాల్లోనే అందుకుని పేర్చడం అతని పని. పదహారేళ్ళు అదే చేశాడు. ఖతర్‌లో కూడా పరంజా గ్యాంగ్‌లోనే హెల్పరుగా చేరాడు.

మా సూపరింటెండెంట్ అమెరికావాడు. బేస్‌బాల్ అంటే ప్రాణం. సరుకుల ఓడలో ఒక పెట్టెడు బ్యాట్లూ బంతులూ తోలు గ్లవ్‌లూ తెప్పించి, క్యాంపు వెనక ఇసుక మీద వాడేసిన ఇంజనాయిలు చల్లించి, రోలర్ తిప్పించి గ్రౌండ్ తయారుచేయించాడు. 1979 చివర్లో ఒక శుక్రవారం పొద్దున అక్కడ తన మనుషులకి బంతి విసరడం నేర్పుతున్నాడు. ఒకడు విసిరిన బంతి గురి తప్పి, మెస్ ముందు చాయ్ పోస్తున్న ఇక్రాముద్దీన్ తల మీదికి దూసుకొచ్చింది. ఇక్రాముద్దీన్ మా వంటమనిషి, హైదరాబాద్ వాడు. అతని పక్కనే ముత్యం కుడిచేతిలో గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎడమచేయి చాపి, గ్లవ్ లేకుండానే, ఆ బంతిని పట్టేశాడు. గ్లాసులో చాయ్ తొణకలేదు.

సూపరింటెండెంట్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఈ ఆట ఎక్కడ నేర్చుకున్నాడో అడగమన్నాడు నన్ను. అడిగాను.

"ఆటెక్కడిది సార్?" అన్నాడు ముత్యం. "ఇటుకలు పట్టినోనికి ఇదెంత? దీనికి మూలలు గూడ లెవ్వు."

ఆ వారమే అతన్ని ఫస్ట్ బేస్ దగ్గర నిలబెట్టారు.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు చెప్పాలి. బ్యాట్‌తో బంతిని కొట్టినవాడు బ్యాట్ పడేసి ముందుగా చేరవలసిన చోటు ఫస్ట్ బేస్. అక్కడ నేలమీద దిండులాంటి ఒక గుడ్డసంచి ఉంటుంది. ఎదుటి జట్టువాళ్ళు బంతిని అందుకుని అక్కడికి విసురుతారు. అక్కడ కాపలా ఉన్నవాడు సంచి మీద కాలు ఆనించి, పరిగెత్తేవాడి కంటే ముందు బంతి పట్టుకోవాలి. పట్టుకుంటే వాడు అవుట్. బంతి జారినా, కాలు లేచినా వాడు బతికిపోతాడు. అలా బతికినవాడు మిగతా బేస్‌లు కూడా చుట్టి వస్తే ఒక పరుగు. విసిరేవాళ్ళు ఎంత అడ్డదిడ్డంగా విసిరినా పట్టవలసిన బాధ్యత ఆ ఒక్కడిదే. పొడుగ్గా ఉండి ఎడమచేతి వాటం ఉన్నవాళ్ళు ఆ చోటికి బాగా పనికొస్తారట. ముత్యం పొట్టివాడు, కుడిచేతి వాటం. అయినా మొదటి చలికాలమంతా అతని చేతిలోంచి ఒకే ఒక్క బంతి జారింది.

రెండో చలికాలానికి రోడ్డు అవతలి పైప్‌లైన్ కంపెనీవాళ్ళు కూడా జట్టు పెట్టారు. వాళ్ళ ఫస్ట్ బేస్ దగ్గర నిలబడ్డవాడు జలంధర్. ఆరడుగుల మనిషి, ఎడమచేతి వాటం, ఇరవై నాలుగేళ్ళు. క్రేన్‌కి చేతులతో సైగలు చేసే పని అతనిది. చిన్నప్పుడు మెట్‌పల్లి చుట్టుపక్కల చిర్రగోనెలో, అంటే కర్రాబిళ్ళ ఆటలో, అతన్ని ఓడించినవాడు లేడట. మొదటి మ్యాచ్‌లోనే అతను కొట్టిన బంతి మా మెస్ రేకుల మీద పడి, దొర్లి, ఇక్రాముద్దీన్ ఉల్లిపాయల బుట్టలో ఆగింది. రెండోసారి కొట్టింది అంత దూరం వెళ్ళలేదు. పరిగెత్తుకుంటూ వచ్చి ఫస్ట్ బేస్ దగ్గర ఆగాడు. పక్కనే ముత్యం.

ఆ ఆటలో వింత అదే. ఇద్దరు ప్రత్యర్థులు ఒకరి పక్కన ఒకరు నిలబడి నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి వీలైన చోటు అది.

"ఏ ఊరు తమ్మీ నీది?" అని అడిగాడు ముత్యం, బంతి వేసే పిచ్చర్ మీంచి చూపు తిప్పకుండానే.

"మెట్‌పల్లి దిక్కు. నీదేడన్నా?"

"కోరుట్ల దాటినంక."

"అరె, మన దిక్కోనివే!"

"దిక్కు ఒక్కటైతేంది? ఇక్కడికెళ్ళి ముందటికి పోనియ్య నిన్ను."

నిజంగానే పోనివ్వలేదు. తర్వాతివాడు కొట్టిన బంతి నేలకి ఆనుతుండగానే గుప్పిట పట్టి జలంధర్ కంటే ముందే రెండో బేస్‌కి విసిరేశాడు. అవుటైన జలంధర్ నడుము మీద చేతులు పెట్టుకుని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి మూడు చలికాలాలు రోడ్డుకి అటూ ఇటూ ఒకటే వాదన. జలంధర్ పదిసార్లు బ్యాట్ పట్టుకుంటే నాలుగుసార్లు గట్టి దెబ్బ కొట్టేవాడు. ముత్యం రెండుసార్లు కొడితే ఎక్కువ. గ్రౌండ్ దాటిన దెబ్బలు జలంధర్‌వి పందొమ్మిది, ముత్యానిది ఒక్కటీ లేదు. బంతి పట్టడం దగ్గరికి వస్తే అంతా తారుమారు. ముత్యం మూడేళ్ళలో జారవిడిచింది నాలుగు. జలంధర్ ఒక్క ఏడాదిలో ఎనిమిది. పైనుంచి వచ్చిన బంతి ఎంత ఎత్తున ఉన్నా తెంపుకొచ్చేవాడు గానీ, కాళ్ళ దగ్గర గెంతుతూ వచ్చే బంతి అంటే అతనికి భయం.

"ఆటంటే కొట్టుడే!" అనేవాళ్ళు అటువాళ్ళు.

"మియా, కొట్టేటోడు ఒక్కసారి కనబడ్తడు, పట్టేటోడు రోజంతా పట్టాలె," అనేవాడు ఇక్రాముద్దీన్. తన తల కాపాడినవాడి పక్షం అతను.

ఈ సంగతి ఊరిదాకా పోయింది. సెలవు మీద వెళ్ళినవాళ్ళెవరో చెప్పారు. ముత్యం భార్య గంగామణికి ఉత్తరాలు రాయడం రాదు, క్యాసెట్‌లో మాట్లాడి పంపేది. ఒకసారి ముత్యం నా గదికి వచ్చి టేప్‌రికార్డర్‌లో పెట్టి వినిపించాడు.

"దుబాయ్‌ల బంతులాట ఆడుతున్నవట. పనికి పోయినవా, ఆటకు పోయినవా? ఆ పొడుగోనితోని నీకు పోటీ ఏంది? కాళ్ళుచేతులు ఇరగ్గొట్టుకోకు." గల్ఫ్ అంతా ఆమెకి దుబాయే. తర్వాత గొంతు తగ్గించి, "గెలుస్తున్నవా మరి?" అని అడిగింది.

ముత్యం ఆ చివరి ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాడు.

1982 ఫిబ్రవరిలో బహ్రెయిన్ నుంచి ఒక జట్టు వస్తుందని కబురొచ్చింది. దోహా చుట్టుపక్కల ఆడుతున్న నాలుగు కంపెనీల జట్లలోంచి మంచివాళ్ళని ఏరి ఒక్క జట్టు చేయాలి. ఫస్ట్ బేస్ ఒక్కటే. సూపరింటెండెంట్ నన్ను ఆఫీసుకి పిలిచి స్కోరు పుస్తకం తెరవమన్నాడు. ఇద్దరి అంకెలూ చదివాను. ఆయన కిటికీలోంచి గ్రౌండ్ వైపు చూసి, జలంధర్ పేరు చెప్పాడు. పరుగులు కావాలన్నాడు. ముత్యం అవసరమైతే ఆడటానికి బయట ఉంటాడన్నాడు.

ఆ మాట ముత్యానికి చెప్పవలసినవాణ్ణీ నేనే. మెస్ బయట పళ్ళెం కడుక్కుంటున్నాడు.

"సరే సార్," అన్నాడు. అంతే. కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడిగాడు. ఆ తర్వాత నాకు ఎదురుపడినప్పుడల్లా తలవంచుకుని పక్కనుంచి వెళ్ళిపోయాడు. సంతకం పెట్టడానికి వచ్చినప్పుడు కూడా నా మొహం చూడలేదు. నేను చదివినవి నిజమైన అంకెలే. అయినా ఏదో తప్పు చేసినట్టే అనిపించింది నాకు.

మ్యాచ్ ఇంకా పది రోజులుందనగా ఒక సాయంత్రం జలంధర్ రోడ్డు దాటి మా క్యాంపుకి వచ్చాడు. ఆట లేని రోజు అటువాడు ఇటు రావడం అదే మొదటిసారి. గదుల ముందు కూర్చున్నవాళ్ళంతా మెడలు తిప్పి చూశారు. ముత్యం మంచం మీద కూర్చుని చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. జలంధర్ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ముత్యమన్నా, నాకు కింద పడ్డ బాల్ అందది. అది నీకూ ఎరికే. నువ్వెట్ల పడ్తవో చూపియ్యవా?"

ముత్యం సూది ఆపలేదు. "నా జాగ తీసుకున్నవ్. ఇగ నా ఇద్దె గూడ తీసుకుంటవా?"

"జాగ నేను అడగలే. వాళ్ళిచ్చిన్రు. ఇచ్చినంక మంచిగ ఆడకుంటే ఇజ్జత్ పోయేది మనిద్దరిది. గా పొడుగోడు పట్టలేడు, మన ముత్యమైతే పట్టేటోడు అని మీవోళ్ళంటరు. నిన్నెందుకు తీసుకోలేదని మావోళ్ళు గూడ అంటరు."

ముత్యం దారం పళ్ళతో కొరికి, చొక్కా తొడుక్కుని లేచాడు. "యల్లా, నడువు."

పది సాయంత్రాలు ఇద్దరూ గ్రౌండ్‌లోనే ఉన్నారు. నేను కొన్నిసార్లు వెళ్ళి బంతులు విసిరాను. ముత్యం చెప్పిన కిటుకు చిన్నదే. "బాల్‌ను సూడకు. అది నేలను తాకే జాగను సూడు. ఇటుక నీ చేతికి రాదు, నీ చెయ్యే ఇటుక కాడికి పోవాలె." జలంధర్ బదులుగా బ్యాట్ తిప్పడం నేర్పబోయాడు. అది మాత్రం ముత్యానికి పట్టుబడలేదు. "కట్టె నాకు దుష్మన్ తమ్మీ," అని వదిలేశాడు. ఇంకో సంగతి కూడా ముత్యం ఆ రోజుల్లోనే గమనించాడు. ఒకసారి పరిగెత్తేవాడి బూటు మడమ మీద పడ్డప్పటినుంచి జలంధర్ బంతి చేతికి అందకముందే సంచి మీంచి కాలు లాగేస్తున్నాడు. "కాలు లేపుతున్నవ్, లేపుతున్నవ్," అని అరుస్తూనే ఉండేవాడు. కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

బహ్రెయిన్ వాళ్ళ మీద ఒక్క పరుగుతో గెలిచాం. జలంధర్ రెండు పెద్ద దెబ్బలు కొట్టాడు. కానీ క్యాంపులో అందరూ చెప్పుకున్నది, చివర్లో అతని కాలి దగ్గర గెంతిన బంతిని నేలబారుగా ఎత్తిపట్టిన సంగతే. పట్టగానే అతను బయట బెంచీ మీదున్న ముత్యం వైపు చూశాడు. ముత్యం రెండు చేతులూ పైకెత్తాడు.

మరుసటి ఏడాది వేసవిలో, సైట్‌లో పైపు దించుతుండగా దాని కింద పడి ముత్యం ఎడమచేయి నలిగింది. గ్లవ్ తొడిగే చేయి. ఆస్పత్రిలో ఐదు వారాలున్నాడు. రెండు వేళ్ళు కట్టెల్లా బిగిసిపోయాయి. ఇక ఆట లేదు. ముప్పై ఏడేళ్ళకే అయిపోయింది.

నేను చూడటానికి వెళ్ళినప్పుడు జలంధర్ అక్కడే ఉన్నాడు, మంచం అంచున.

"నాకు ఆడబుద్ధి అయితలేదన్నా," అంటున్నాడు.

"నువ్వు ఆడకుంటే నేనీ దవఖాన్ల పండుకోని ఎవ్వని ముచ్చట వినాలె?" అని కసిరాడు ముత్యం. తర్వాత నావైపు తిరిగి, చాలాకాలానికి నా మొహంలోకి చూసి, "కూసో సార్," అన్నాడు.

కంపెనీ అతన్ని టూల్స్ స్టోర్‌లో పెట్టింది. సూపరింటెండెంట్ ఇంకో పని కూడా ఇచ్చాడు. ఫస్ట్ బేస్ పక్కన నిలబడి అవుటో కాదో చెప్పే అంపైర్ పని. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆ సంచి గురించి అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

1984 మార్చిలో ఆఖరి మ్యాచ్ మా క్యాంపుకీ జలంధర్ వాళ్ళకీ పడింది. రెండు క్యాంపుల జనం వెయ్యిమంది పైగా వచ్చారు. పైపుల మీద, లారీల మీద ఎక్కి కూర్చున్నారు. ఆట చివరికొచ్చింది. వాళ్ళు ఒక్క పరుగు ముందున్నారు. మావాళ్ళలో ఇంకొక్కడు అవుటైతే ఆట అయిపోతుంది. మావాళ్ళు ఇద్దరు బేస్‌ల మీద పరుగుకి సిద్ధంగా ఉన్నారు. మావాడు బంతిని నేలబారుగా కొట్టి ఫస్ట్ బేస్‌కి పరిగెత్తాడు. అటువాళ్ళు బంతిని అందుకుని జలంధర్‌కి విసిరారు. జలంధర్ ఒళ్ళంతా చాచి పట్టేశాడు. బంతి పైకెత్తి చూపించాడు. అటు క్యాంపు జనం లారీల మీంచి దూకేశారు.

ముత్యం రెండు చేతులూ పక్కలకి చాచాడు. అవుట్ కాదు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఈలోపు బేస్‌ల మీదున్న మా ఇద్దరూ ఆగకుండా పరిగెత్తి రెండు పరుగులూ పూర్తిచేశారు. బంతి ఇంకా జలంధర్ చేతిలోనే, గాల్లోనే ఉంది. మేం గెలిచాం.

గొడవ మొదలైంది. పైప్‌లైన్ కంపెనీ ఫోర్‌మన్ గ్రౌండ్‌లోకి దూసుకొచ్చాడు. అంపైర్ ఆ క్యాంపువాడు, తన క్యాంపుని గెలిపించుకున్నాడని అరుపులు. ఎవరో ఇసుక విసిరారు. "పొట్టోనికి కడుపుమంట! జలంధర్ ఆడుతుంటే ఓర్వలేడు!" అని ఒక గొంతు తెలుగులో గట్టిగా వినిపించింది. ముత్యం కదలలేదు. వంకర వేళ్ళ చేతిని రెండో చేత్తో పట్టుకుని సంచి పక్కనే నిలబడ్డాడు. సూపరింటెండెంట్ వచ్చి మెల్లగా అడిగాడు, నిజంగా చూశావా అని.

"సూసిన సార్. బాల్ రాకముందే కాలు లేసింది," అన్నాడు ముత్యం. నేను ఇంగ్లీషులో చెప్పాను.

అప్పుడు జలంధర్ బంతిని కిందపడేసి, జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. కొడతాడేమోనని నేను మధ్యలోకి వెళ్ళబోయాను. అతను ముత్యం ముందు ఆగాడు.

"ఎంత లేసిందన్నా?"

"రెండు వేళ్ళ మందం."

జలంధర్ వెనక్కి తిరిగి తన క్యాంపువాళ్ళకి వినిపించేలా చెప్పాడు. ముందు తెలుగులో, తర్వాత హిందీలో. "నా కాలు లేసింది. నాకెరికే. నేనే లేపిన. ఆయన్నేమన్న అంటే బాగుండది."

ఫోర్‌మన్ టోపీ తీసి దులుపుకుని వెళ్ళిపోయాడు. జనం సణుక్కుంటూ చెదిరిపోయారు. జలంధర్‌తో వాళ్ళ క్యాంపులో కొందరు చాలా రోజులు మాట్లాడలేదని తర్వాత విన్నాను. గెలిచిన కప్పుని మా మెస్ అలమరలో ఉప్పు డబ్బాల పక్కన పెట్టారు. ముత్యం ఆ అలమర వైపు వెళ్ళేవాడు కాదు.

ఇంకో రెండేళ్ళకి చమురు ధర పడిపోయింది. మేం కడుతున్న ప్లాంట్ పని ఎలాగూ అయిపోవచ్చింది. సూపరింటెండెంట్ వెళ్ళిపోయాడు, వారం వారం బస్సులు ఎయిర్‌పోర్టుకి మనుషుల్ని మోశాయి. గ్రౌండ్‌లో సిమెంటు పైపులు పేర్చారు. అప్పటికి జలంధర్ ఆరు చలికాలాలు ఆడాడు, ముత్యం నాలుగు. దెబ్బల్లో ఇద్దరికీ పోలికే లేదు, పట్టడంలోనూ లేదు. అంకెలు ఎలా పేర్చినా ఒకరి పక్కన రెండోవాడు తేలిపోతాడు. కానీ వారం వారం పక్కనే నిలబడి చూసినవాడిగా ఒక్క మాట చెప్పగలను. ముత్యాన్ని చూశాకే జలంధర్ పట్టడం నేర్చుకున్నాడు. ముత్యం తన జీవితంలో అన్నిటికంటే కష్టమైన మాట జలంధర్ ముందే చెప్పాడు.

జలంధర్ ఉత్తరాన అల్ రువైస్‌కి వెళ్ళి రేవులో సరుకు దించే పనిలో చేరాడు. ముత్యం మెసైమీర్‌లోనే ఒక సామాన్ల గోడౌన్‌లో కుదిరాడు. అప్పటికి నా కుటుంబం కూడా వచ్చింది, దోహా ఊళ్ళోనే అల్ దోహా అల్ జదీదా పేటలో ఉండేవాళ్ళం. నెలకోసారి నేనూ నా భార్య లలితకుమారీ చేపల కోసం అల్ రువైస్ దాకా వెళ్ళేవాళ్ళం. అలా వెళ్ళినప్పుడల్లా జలంధర్ మంచు పెట్టెలో ఒక పెద్ద హమూర్ చేప పెట్టి ఇచ్చేవాడు.

"ముత్యమన్నకియ్యి సార్. వండుకోమను."

ఒకసారి దాన్ని తీసుకెళ్ళి గోడౌన్ గుమ్మం దగ్గర దించితే, ముత్యం బాగున్న చేత్తో మూత తీసి చూశాడు.

"తలకాయ కోసుకోని మిగిలింది పంపిండు సూడు సార్. పులుసుకు తలకాయే గద అసలు! వానికి ఎప్పటికి తెలుస్తదో?" అని, నా భార్య వైపు తిరిగి, "ఇంట్ల చింతపండు ఉన్నదా అమ్మా? మా దగ్గర అయిపోయింది," అన్నాడు.